కొత్తది కొందామా... పాతదాన్నే నిలబెడదామా?

ఫ్రిజ్ కొనాలంటే ఇంటిల్లిపాదీ నెల రోజులు మాట్లాడుకుంటాం. ఎన్ని లీటర్లు, ఒక తలుపా రెండు తలుపులా, కరెంటు ఎంత కాలుతుంది, పక్కింటివాళ్లది ఏ కంపెనీ... అన్నీ ఆరా తీస్తాం. కుక్కర్ మూత దగ్గర ఆవిరి పోతుంటే గ్యాస్కెట్ మారుస్తాం గానీ కుక్కర్ని పారెయ్యం. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామందిలో ఆ తెలివంతా ఎటు పోతుందో! షాపు కుర్రాడు మూత విప్పి ఒక్కసారి లోపలికి తొంగిచూసి, "పాతదైపోయింది మేడమ్, ఫుల్ సెట్ మార్చెయ్యాల్సిందే" అంటే చాలు, నలభై వేలకి లెక్కలు వేసుకోవడం మొదలుపెడతారు.

ఈ ప్రశ్న ఇన్ని ఇళ్లలో ఒక్కసారే వచ్చిపడడానికి కారణం ఉంది. 2015 జులైలో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. దాని తరవాతిదైన విండోస్ 11 పాత మెషీన్లలో చాలావాటి గడప తొక్కదు. తెర మీద ఆ సంగతి చెప్పే నోటీసు కనపడగానే "ఇక ఇది పని చెయ్యదేమో" అని గాభరా పడ్డవాళ్లని నేనే నలుగురిని చూశాను. గాభరా అక్కర్లేదు. అలాగని నోటీసు మూసేసి ఊరుకోవడమూ మంచిది కాదు.

అసలు అది ఎవరి కంప్యూటరు?

మన ఇళ్లలో డెస్క్‌టాప్ చరిత్ర దాదాపు ఒక్కలాగే ఉంటుంది. అబ్బాయి ఇంటర్లోనో, ఇంజనీరింగు మొదటి ఏడాదిలోనో ఉండగా కొంటారు. వాడు లాప్‌టాప్ కొనుక్కుని హాస్టలుకో ఉద్యోగానికో వెళ్లిపోతాడు. ఇది హాల్లో ఓ మూల, పైన ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పుకుని కొన్నాళ్లు నిద్రపోతుంది. ఆ తరవాత నెమ్మదిగా అమ్మ చేతికొస్తుంది. ట్యూషన్ పిల్లలకి ప్రశ్నపత్రాలు, బ్లౌజులు కుట్టే ఆవిడకి కొలతల పట్టిక, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు లెక్కలు, కర్రీ పాయింటు ఖాతాలు, నాలాంటివాళ్లకి కథలు. ఇంత పని దాని మీద నడుస్తున్నా ఇంట్లో దాని పేరు మాత్రం "వాడి పాత సిస్టం". అందుకే అది నెమ్మదించినప్పుడు బాగు చేయించాలన్న తొందర ఎవరికీ ఉండదు. "ఫోనుందిగా, దాంట్లో చేసుకోరాదూ" అంటారు శ్రీవారు. మా మరిదైతే "కథలు రాసుకోడానికి ఈ డబ్బా చాల్లే వదినా" అని నవ్వేశాడు. ఆయనగారి ఆటల కంప్యూటర్‌కి మాత్రం రెండేళ్లకోసారి ఏదో ఒకటి కొత్తది పడాల్సిందే!

కాబట్టి ఉంచడమా, మార్చడమా అని తేల్చుకునే ముందు ఓ పని చెయ్యండి. ఒక వారం పాటు దాని మీద మీరేం చేశారో, ఎంతసేపు చేశారో పాల లెక్క రాసుకునే కాలెండరు మీదే రాయండి. మా వీధిలో ట్యూషన్లు చెప్పే ఒకావిడ అలా రాస్తే వారానికి పదకొండు గంటలు తేలింది. అందులో దాదాపు రెండు గంటలు అది తెరుచుకోవడం కోసం ఎదురు చూసినవే. ఆ కాగితం చూశాక వాళ్లాయన మారు మాట్లాడకుండా డబ్బిచ్చారట.

నెమ్మదించిన ప్రతిదీ ముసలిది కాదు

పాత డెస్క్‌టాప్ నత్తనడక నడుస్తోందంటే ఎక్కువసార్లు దోషం ప్రాసెసర్‌ది కాదు, హార్డ్ డిస్క్‌ది. హార్డ్ డిస్క్ అంటే లోపల గిర్రున తిరిగే పళ్లెం. డెస్క్‌టాప్‌లలో మామూలుగా నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. గ్రామఫోను ముల్లులాంటి ఓ చిన్న చెయ్యి దాని మీద అటూ ఇటూ కదులుతూ మనకి కావలసింది వెతికి తెస్తుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు ఒకేసారి వంద చోట్ల నుంచి వంద ముక్కలు అడుగుతాయి. ఆ చెయ్యి పాపం ఎన్ని చోట్లకని పరిగెడుతుంది? దానికి బదులు ఎస్ఎస్‌డీ అనేది పెడితే అందులో తిరిగేదేమీ ఉండదు, అంతా చిప్పుల్లోనే. అడిగిందే తడవు ఇస్తుంది.

దోషం దేనిదో మీరే చూసుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. దాంట్లో డిస్క్ అన్నచోట చాలాసేపు నూరు శాతం కనిపిస్తూ, ప్రాసెసర్ దగ్గర పదీ ఇరవై మాత్రమే ఉంటే హార్డ్ డిస్కే అడ్డం పడుతోందన్నమాట. మెమరీ అన్నచోట ఎప్పుడూ ఎనభై, తొంభై దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదు. అక్కడే పెర్ఫార్మెన్స్ అనే భాగంలోకి వెళ్తే ర్యామ్ పెట్టే గళ్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని నిండాయో కూడా రాసుంటుంది. రెండిట్లో ఒకటి ఖాళీగా ఉంటే మీ అదృష్టం.

మా ఇంట్లోది 2014లో అసెంబుల్ చేయించింది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. స్విచ్చి వేసి, వెళ్లి ఫిల్టర్లో డికాషన్ పెట్టి, పాలు కాచి, కాఫీ కలుపుకుని వచ్చినా ఇంకా చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. 2023లో 240 జీబీ ఎస్ఎస్‌డీ 1,600 రూపాయలకీ, వాడిన 4 జీబీ ర్యామ్ ఒకటి 900కీ కొని వేయించాను. పెట్టినందుకూ, విండోస్ మళ్లీ ఎక్కించినందుకూ కూలి 500. మొత్తం మూడు వేలు. ఆ రోజు నుంచీ అర నిమిషంలో తెరుచుకుంటోంది. పాత హార్డ్ డిస్క్‌ని తీసెయ్యలేదు, రెండో డ్రైవుగా లోపలే ఉంచి ఫొటోలు దాస్తున్నాను.

ఈ ధరలు ఇప్పుడూ అలాగే ఉంటాయనుకోకండి. 2025 చివరి నెలల నుంచీ ర్యామ్ ధరలు మండిపోయాయి. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్పులన్నీ అటు తరలిపోవడమే కారణం. ఎస్ఎస్‌డీలకీ ఆ సెగ తగిలింది. కాబట్టి రెండు మూడు షాపుల్లో అడిగే కొనాలి. ఇంకో మాట, ర్యామ్‌లలో డీడీఆర్ 3, డీడీఆర్ 4, డీడీఆర్ 5 అని రకాలున్నాయి. ఒకదాని గంటు ఇంకోదానికి సరిపోదు. లోపలున్నదాన్ని ఫొటో తీసి ఫోన్లో పట్టుకెళ్లండి, జాకెట్టు గుడ్డకి చీర కొంగు పట్టుకెళ్లినట్టే.

ఇంకా చిన్న చిన్న జబ్బులున్నాయి. వాటికి ఆపరేషన్లు అక్కర్లేదు. వేసిన ప్రతిసారీ తేదీ తప్పుగా చూపిస్తూ, ఏ వెబ్‌సైటు తెరవబోయినా "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అంటోందా? మదర్‌బోర్డు మీదుండే సీఆర్ 2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోయింది. రూపాయి బిళ్లంత ఉంటుంది, ఫ్యాన్సీ షాపుల్లో కూడా దొరుకుతుంది. కీచు కీచుమని కూతపెట్టి తెర నల్లగా ఉండిపోతే ర్యామ్ కదిలిందేమో చూడాలి. కరెంటు ప్లగ్గు పీకేసి, ర్యామ్ తీసి, దాని ఇత్తడి రంగు పళ్లని పెన్సిలు రబ్బరుతో నెమ్మదిగా రుద్ది మళ్లీ గట్టిగా నొక్కిపెట్టడం మన ఊళ్ల మెకానిక్కులందరికీ తెలిసిన వైద్యమే. నడుస్తూ నడుస్తూ వేడెక్కి ఆగిపోతే దుమ్ము. వంటింటికి దగ్గరగా ఉంటే ఆ దుమ్ముకి నూనె జిడ్డు కూడా తోడై ఫ్యాను రెక్కలకి అంటుకుపోతుంది. తాలింపు పొగ తగలని చోటికి టేబుల్ని జరపండి. బల్లులు క్యాబినెట్‌లో కాపురం పెట్టడం గురించి ఇక చెప్పను, భోజనాల వేళ ఈ పేజీ చదివేవాళ్లుంటారు.

విండోస్ 10 మాటేమిటి?

మద్దతు ఆగిపోవడమంటే కంప్యూటర్ ఆగిపోవడం కాదు. కొత్తగా బయటపడే కంతలకి మైక్రోసాఫ్ట్ వేసే మాట్లు ఇక రావు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న ఇదే జరిగింది. ఆ తరవాత కొన్నేళ్లకి బ్రౌజర్లు కూడా మొహం చాటేస్తాయి. 2023 ఫిబ్రవరి నుంచి గూగుల్ క్రోమ్ కొత్త వెర్షన్లు విండోస్ 7 మీద రావడం మానేశాయి. అంటే తాళం ఉంది గానీ మారు తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియని ఇల్లన్నమాట. కథలు టైపు చేసుకోడానికి ఫరవాలేదు. నెట్ బ్యాంకింగ్ చేసేవాళ్లకీ, ఆధార్, పాన్ కాపీలు దాచుకునేవాళ్లకీ అది చాలదు.

ముందుగా మీ ప్రాసెసర్ ఏ తరానిదో చూడండి. సెట్టింగుల్లో అబౌట్ అన్నచోట ఉంటుంది. ఐ3-4150 అని ఉంటే గీత తరవాత వచ్చే 4 దాని తరం. ఐ5-8400 అయితే ఎనిమిదో తరం. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచీ, ఏఎండీలో చాలామటుకు రైజెన్ 2000 వరస నుంచీ విండోస్ 11 వేసుకోవచ్చు. దాంతోపాటు టీపీఎం 2.0 అనే రక్షణ ఏర్పాటు ఉండాలి. ఇది చాలా మెషీన్లలో ఉండి కూడా మూసి ఉంటుంది. బయోస్‌లోకి వెళ్లి తెరిస్తే సరిపోతుంది, ఖర్చు లేదు. "మీ మెషీన్ పనికిరాదు" అన్న మాట విని కొత్తది కొనేసేముందు ఈ ఒక్కటీ అడగండి.

అంతకంటే పాతదైతే ఏమిటి దారి? మైక్రోసాఫ్ట్ 2025లో ఇళ్లలో వాడుకునేవాళ్ల కోసం ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు, భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పద్ధతి పెట్టింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగుల బ్యాకప్‌కి ఒప్పుకుంటే దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఇది గడువు పెంచుకోవడమే గానీ బాకీ తీరడం కాదు. రెండోది, లినక్స్. అందులో మింట్ అనే రకం విండోస్‌కి అలవాటుపడ్డవాళ్లకి కొత్తగా అనిపించదు, పైసా ఖర్చు లేదు, నాలుగో తరం ఐ3 మీద కూడా హాయిగా నడుస్తుంది. ఇంటర్నెట్టూ, ఉత్తరాలూ, లెక్కల పట్టికలూ, యూనికోడ్ తెలుగూ అన్నీ అవుతాయి. కానీ ట్యాలీలో ఖాతాలు రాసేవాళ్లూ, పేజ్‌మేకర్ మీద బతికేవాళ్లూ అటు వెళ్లకండి.

షాపులో మూడో దారి చెబుతారు. "పాతదాంట్లోనే విండోస్ 11 ఎక్కించేస్తాం మేడమ్, చిన్న ట్రిక్కుంది" అని. ఎక్కుతుంది, నిజమే. కానీ అర్హత లేని మెషీన్లకి అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. ఎందుకోసం మారుతున్నామో అదే రాకపోతే మారి ప్రయోజనం? నేనైతే ఒప్పుకోను.

మా ఇంట్లో ఏం చేశామంటే, పాతదాని నెట్ వైరు పీకేశాం. అది ఇప్పుడు నా టైపు మిషను. బ్యాంకు పనులన్నీ ఫోన్లోనూ, మా అమ్మాయి లాప్‌టాప్‌లోనూ. రాసినవి పెన్‌డ్రైవ్‌లో వేసి అక్కడి నుంచి పంపుతాను. నోటిఫికేషన్లు రావు, సీరియల్ ముక్కలు పిలవవు. నెట్ లేని కంప్యూటర్ అంత మంచి రచయిత్రి స్నేహితురాలు ఇంకోటి లేదు!

తెలుగు టైపు చేసేవాళ్లకి ప్రత్యేకంగా

ఈ సంగతి ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండదు గనక కాస్త విడమరిచి చెప్పాలి. మనలో చాలామంది పాత ఫైళ్లు అను ఫాంట్లలోనో, శ్రీలిపిలోనో ఉంటాయి. అవి యూనికోడ్ కావు. మనకి తెర మీద "అమ్మ" అని కనిపించినా లోపల దాచుకున్నది ఇంగ్లీషు గుర్తుల వరసే. ఆ ఫాంటు ఉన్న మెషీన్లో అది తెలుగు, లేనిచోట పిచ్చి గీతలు. ఇక పేజ్‌మేకర్‌ది ఇంకో గొడవ. దాని ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. కొత్త మెషీన్లోకి అది సజావుగా వస్తుందని నమ్మకం పెట్టుకోలేం.

మా ఊళ్లో పెళ్లి శుభలేఖలూ, స్కూలు ప్రశ్నపత్రాలూ ఇంట్లోనే డీటీపీ చేసే ఒక అక్క ఉంది. భర్త పోయాక ఇద్దరు పిల్లల్నీ ఆ కీబోర్డు మీదే చదివించింది. ఆవిడ వ్యాపారమంతా పాత ఫైళ్లలోనే ఉంటుంది. "క్రితంసారి పెద్దమ్మాయిది వేశావు కదమ్మా, అదే కార్డు, పేర్లూ ముహూర్తమూ మార్చు" అని వస్తారు జనం. పోయినేడాది ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకుంది. పాతదానికి పదిహేను వందలు కట్టారు. "మీ ఫైళ్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించేశాం ఆంటీ" అన్నాడు కుర్రాడు. ఎక్కించిన మాట నిజమే. డెస్క్‌టాప్ మీద ఉన్నవీ, మై డాక్యుమెంట్స్‌లో ఉన్నవీ ఎక్కించాడు. ఆవిడ పదకొండేళ్ల పని డీ డ్రైవులో ఉంది. మూడో రోజు గమనించి పరిగెత్తుకెళ్లేసరికి హార్డ్ డిస్క్ ఫార్మాట్ అయిపోయి, ఇంకో డబ్బాలోకి చేరి, అమ్ముడుపోయింది కూడా. షాపువాళ్లు సారీ చెప్పారు, అంతే. ఇప్పుడు పాత గిరాకీలు వస్తే "మీ దగ్గర అచ్చు కార్డు ఒకటుంటే తీసుకురండమ్మా" అని అడిగి, దాన్ని చూసి మొదటి అక్షరం నుంచీ మళ్లీ కొడుతోంది. ఒక్కో కార్డుకి గంటన్నర.

అందుకే నేను ఎవరడిగినా మొండిగా చెప్పే మాట ఒకటే. క్యాబినెట్ ఇచ్చినా హార్డ్ డిస్క్ ఇవ్వకండి. విప్పి ఇమ్మనండి, అది మీ సొత్తు. ధర రెండు మూడొందలు తగ్గిస్తే తగ్గించనీండి. కొన్ని వందల రూపాయలకి యూఎస్‌బీ కేసింగ్ దొరుకుతుంది, అందులో పెడితే అది పెద్ద పెన్‌డ్రైవ్ అయిపోతుంది. డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్ అని చెప్పి అడాప్టరు ఉన్న కేసింగ్ అడగాలి, లాప్‌టాప్‌ది సరిపోదు. ఇది పని పోతుందన్న భయంతోనే చెప్పడం లేదు. ఫార్మాట్ చేసినవాటిలోంచి కూడా ఫొటోలు వెనక్కి లాగే సాఫ్ట్‌వేర్లున్నాయి. పిల్లల ఫొటోలూ, బ్యాంకు కాగితాలూ ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతికి ఎందుకివ్వాలి?

అను ఫాంట్లలో ఉన్నవాటిని ఆ మెషీను బతికుండగానే యూనికోడ్‌లోకి మార్చుకోండి. మార్చిపెట్టేవి ఉచితంగానే దొరుకుతున్నాయి. వత్తులూ, కొన్ని సంయుక్తాక్షరాలూ అటూ ఇటూ అవుతాయి కాబట్టి మార్చాక ఓసారి చదువుకోవాలి. నా పాత కథలు పందొమ్మిదిటిని రోజుకొకటి చొప్పున అలాగే మార్చాను. అంత ఓపిక లేకపోతే కనీసం పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. దిద్దడానికి రాకపోయినా చదవడానికి ఉంటుంది.

మార్చక తప్పనప్పుడు

మదర్‌బోర్డు పోతే మార్చడమే నయం. పదేళ్ల కిందటి బోర్డులు సెకండ్‌హ్యాండువే దొరుకుతాయి, వాటికి గ్యారంటీ వారం రోజులు. పిల్లలు ఆటోకాడ్, వీడియో ఎడిటింగ్‌లాంటివి నేర్చుకుంటున్నా పాతదాన్ని సాగదియ్యకండి. మరమ్మతుకయ్యేది కొత్తదాని ధరలో మూడో వంతు దాటితే వద్దనేది నా లెక్క. మీ లెక్క వేరే ఉండొచ్చు.

మార్చడమంటే మొత్తం మార్చడం కాదు. మానిటరూ, కీబోర్డూ, మౌసూ, యూపీఎస్సూ బాగుంటే క్యాబినెట్ ఒక్కటే కొనండి. పాత మానిటర్‌కి నీలం రంగు వీజీఏ ప్లగ్గు ఉంటే, కొత్తదాంట్లో ఆ రంధ్రం లేకపోతే, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న వైరు దొరుకుతుంది. పెద్ద ఆఫీసులు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్‌లాంటివి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనూ అమ్ముతుంటారు. ఇంటి పనికి అవి దండిగా సరిపోతాయి. ఎనిమిదో తరం కంటే తక్కువది మాత్రం ఎంత చవకైనా తీసుకోకండి. బిల్లు, గ్యారంటీ కాగితం చేతికొచ్చాకే డబ్బు ఇవ్వండి.

లాప్‌టాప్ కొనుక్కోరాదా అంటారు కొందరు. కొనుక్కోవచ్చు. కానీ నా అనుభవంలో లాప్‌టాప్ అన్నది బయటికి వెళ్లేవాళ్లతో బయటికి వెళ్లిపోతుంది. డెస్క్‌టాప్‌ని ఎవరూ చంకలో పెట్టుకుపోలేరు. ఆ టేబులూ ఆ కుర్చీ ఇంట్లో మనకంటూ ఓ చోటు. మెడనొప్పి ఉన్నవాళ్లకి కళ్లకి సరిగ్గా ఎదురుగా తెర ఉండడం కూడా సుఖమే.

పనికిరాదని తేలినదాన్ని మాత్రం పాత పేపర్లవాడి బండిలో వెయ్యకండి. బోర్డుల్లో సీసం ఉంటుంది. పాత ఎల్‌సీడీ మానిటర్లలో తెర వెనక వెలిగే సన్నటి ట్యూబుల్లో పాదరసం ఉంటుంది. రాగి కోసం వైర్లు తగలబెట్టేది, బోర్డుల్ని యాసిడ్‌లో ముంచేది ఎక్కడో కాదు, మన ఊరి చివరే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటిని రిజిస్టరైన రీసైక్లర్ల దగ్గరికే చేర్చాలి. కొన్న కంపెనీ సర్వీసు సెంటర్‌లో అడిగితే ఎవరికివ్వాలో చెబుతారు.

ఇచ్చే ముందు సీడీ డ్రైవు కూడా తెరిచి చూడండి. కరెంటు లేకపోయినా దాని మొహం మీద సూది పట్టేంత చిన్న కంత ఉంటుంది, అందులో జెమ్ క్లిప్పు సాగదీసి గుచ్చితే ట్రే బయటికొస్తుంది. మా తోటికోడలి వాళ్ల పాతదాంట్లో అలా తీస్తే వాళ్ల అత్తగారి షష్టిపూర్తి సీడీ దొరికింది. ఆరేళ్లుగా ఇల్లంతా వెతుకుతున్నారట దానికోసం.